తవిటినాయుడి దవడ పన్నుకు బలపరీక్ష

పేరంవలస ధాన్యం కొనుగోలు కేంద్రంలో గంగాడ తవిటినాయుడి ఉద్యోగం కొరకడం. రైతు బస్తా మూతి విప్పగానే నాలుగు గింజలు తీసి, కుడివైపు కింది దవడ పన్ను మీద పెట్టి, కళ్లు మూసుకుని కొరికేవాడు. గింజ పెళుసుగా విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే తడి ఉన్నట్టు. ఆ రెంటికీ మధ్యనున్న సంగతులన్నీ ఆ పన్నుకు తెలుసు. "తేమ పదహారున్నర, కాటా ఎక్కించండి" అనేవాడు. "పద్దెనిమిది దాటింది బావా, ఇంకో రెండెండలు సూపించు" అనేవాడు. ఇరవై రెండేళ్లుగా ఆ మాటకు తిరుగులేదు.

కేంద్రంలో తేమ కొలిచే యంత్రం లేకపోలేదు. అది పొద్దున ఒక అంకె చూపించేది, మధ్యాహ్నం ఇంకో అంకె చూపించేది, మిల్లు వాళ్లు వచ్చి పక్కన నిలబడితే మూడో అంకె చూపించేది. అందుకని ఎనిమిది ఊళ్ల రైతులు దాన్ని గౌరవంగా చూసి, నాయుడి దవడను నమ్మేవారు.

ఆ ఏడు కోతలు ఇంకా నెల రోజులున్నాయనగా, భార్య పైడమ్మ వేయించి పెట్టిన ఉలవల్లో ఒక చిన్న రాయి తగిలింది. పన్ను మూల పెచ్చు లేచింది. లోపల ఎప్పటినుంచో పుచ్చు ఉందట, ఆ దారి తెరుచుకుంది. చల్లనీళ్లు తగిలితే ప్రాణం నడినెత్తికి లేచేది. ఎడమవైపు కొరికి చూశాడు. ఆ పళ్లకు ఏమీ తెలియదు. అవి కేవలం తినడానికి పనికొచ్చే పళ్లు.

"పీకించెయ్ మావా, పీడ వదిలిపోద్ది" అంది పైడమ్మ.

"పీకిత్తే కోతలకి ఏటి కొరుకుతానే? మిల్లోళ్లు ఆ మిసను పట్టుకొచ్చి బస్తాకి రెండు కేజీలు కోసేత్తారు. ఈ పన్ను ఊరి పన్ను."

మర్నాడే బస్సెక్కి ఏరియా ఆసుపత్రికి వెళ్లాడు.

పళ్ల డాక్టరు పేరు ప్రమద్వర. చేతివేళ్లు చిన్నవి, ఓపిక పెద్దది. అద్దం పెట్టి చూసి, ఎక్స్‌రే తీసి, అర్థమయ్యేలా చెప్పింది.

"పన్ను బతికే ఉంది నాయుడు గారూ. కానీ పుచ్చు తీసేశాక మధ్యలో గొయ్యి పడుతుంది. చుట్టూ పల్చటి గోడలు మిగులుతాయి. దవడ పన్ను మీద పడే బరువంతా ఆ గోడలను పక్కలకు తోస్తుంది. పాతకాలపు వెండి ఫిల్లింగ్ పెడితే అది గోతిలో రాయిలా కూర్చుంటుందే తప్ప గోడలను పట్టుకోదు. మీరేమో రోజుకు రెండొందల బస్తాలు కొరికే మనిషి. గోడలకు అతుక్కునే రకం పెట్టాలి. అది పెడితే పోయిన బలం చాలావరకు తిరిగొస్తుంది."

"అయితే పెట్టీయండమ్మా."

డాక్టరమ్మ గది మూలనున్న బీరువా వైపు చూపించింది. బీరువాకు తాళం, తాళానికి గుడ్డ, గుడ్డకు లక్క ముద్ర. పైన "దంతబల మిషన్" అని కాగితం అంటించి ఉంది.

ఆ మిషన్ పుట్టుక ఇలా జరిగింది. పైనున్న ఒక పెద్ద అధికారి ఏదో సదస్సులో మధ్యాహ్న భోజనానికి ముందు కాసేపు కూర్చున్నారు. అక్కడ ఒక ప్రొఫెసరు, ఒకసారి తవ్విన దవడ పన్ను బలం తగ్గిపోతుందనీ, నింపే పదార్థాన్ని బట్టి ఆ బలం ఎక్కువో తక్కువో తిరిగివస్తుందనీ చెప్పారు. అధికారికి అందులో బలం అన్న మాట నచ్చింది. నెల తిరిగేలోగా ప్రతి జిల్లాకూ ఒక మిషన్, దానికొక సమన్వయాధికారి, ఆయనకొక జీపు వచ్చాయి. బలం ధ్రువపత్రం లేనిదే జిల్లాలో ఏ దవడ పన్నునూ నింపరాదని ఉత్తర్వు వచ్చింది. ప్రైవేటు డాక్టర్లు తమ బోర్డుల కింద "ముందు పళ్లు మాత్రమే" అని రాయించుకున్నారు.

"ధ్రువపత్రం తెస్తేనే బీరువా తెరుస్తారు" అంది ప్రమద్వర. "ఈలోగా తాత్కాలికంగా తెల్లమందు పెడతాను. దానికి బలం లేదు కాబట్టి మిషన్ పరిధిలోకి రాదు. రెండు వారాలు నిలుస్తుంది. కుడివైపు నమలకండి."

సమన్వయాధికారి కాశీభట్ల విశ్వంభరం గారి కార్యాలయం పాత పశువుల ఆసుపత్రి మేడ మీద ఉంది. గోడ మీద పెద్ద దవడ పన్ను బొమ్మ, దాని కింద మెరిసే షీల్డు. ఆయన మాట మొదలుపెడితే వాక్యం పూర్తయ్యేదాకా ఫ్యాను కూడా నెమ్మదిగా తిరిగినట్టుండేది.

"దంతధారి మీరేనా?" అన్నారు.

"పన్ను నాదేనండి."

"సంతోషం. ఊహాగానాలకు మిషన్‌లో తావు లేదు. దంతబలం అనగా, సదరు దంతము ఏ భారము వద్ద భగ్నమగునో ఆ భారము. ఇది నిర్వచనం. కాబట్టి మీ దంతాన్ని తవ్వి, నింపి, యథాస్థానం నుంచి వేరుచేసి, ప్రయోగశాలకు పంపి, యంత్రంలో ఉంచి, భగ్నమగు వరకు నొక్కి, ఆ అంకెను నమోదు చేసి, తదుపరి ధ్రువపత్రం జారీ చేస్తాం."

తవిటినాయుడు ఆ వాక్యాన్ని లోపల ఒకసారి నడిపించి చూసుకున్నాడు.

"అంటే పీకి, ఇరగ్గొడతారా బాబూ?"

"పరీక్షిస్తాం."

"ఇరిగిపోయినాక మరి నాకేటుంటాది?"

"ధ్రువపత్రం ఉంటుంది" అన్నారు విశ్వంభరం గారు ఎంతో దయగా.

తోడు వచ్చిన పైడమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయుడు ఇంకా ఆశ వదులుకోలేదు.

"పోనీ నింపీసి నా నోట్లో ఒగ్గీయండి. ఇరిగితే నానే వచ్చి సెప్తాను."

"అది వ్యక్తిగత అనుభవం అవుతుంది నాయుడు గారూ, ఫలితం అవదు. పైగా ఒక్క దంతంతో ఏం తేలుతుంది? పోలిక లేనిదే శాస్త్రం లేదు. నిబంధన తొమ్మిది ప్రకారం మూడు దంతాలు సమర్పించాలి. ఏ లోపమూ లేనిది ఒకటి, తవ్వి నింపనిది ఒకటి, తవ్వి నింపినది ఒకటి."

"నాకు నెప్పి ఒకే పన్నండి."

"మిగతా రెండూ మీ సహకారం. రక్తసంబంధీకుల దంతాలు కూడా స్వీకరిస్తాం. భార్య దంతాలు చెల్లవు."

పైడమ్మ పమిట చెంగు తీసేసి, అంతవరకు లేని భక్తితో ఆయనకు నమస్కారం పెట్టింది.

విశ్వంభరం గారు షీల్డు వైపు చూపించారు. "గత ఎనిమిది నెలలుగా ఈ జిల్లాలో ఫిల్లింగ్ చేసిన దవడ పన్ను ఒక్కటంటే ఒక్కటి విరగలేదు. రాష్ట్రంలో ఈ ఘనత ఇంకెవరికీ లేదు."

"ఎన్ని నింపినారండి?"

"అది వేరే పట్టికలో వస్తుంది" అన్నారాయన. ఆ పట్టిక ఖాళీగా ఉంది.

నాయుడు మెట్లు దిగి వీధిలో నిలబడ్డాడు. మూడు పళ్లు ఇచ్చి ఒక కాగితం తెచ్చుకోవడమా, పన్ను చీలిపోయేదాకా ఊరుకోవడమా తేలలేదు. పక్కింటి అరుగు మీద ఆరబోసిన వడ్లు కనిపించాయి. చెయ్యి దానంతటదే వాటి మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది. ఆ క్షణంలో ఆయనకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, నేరుగా ప్రయోగశాలకు వెళ్దామనుకున్నాడు. విరగ్గొట్టేవాడి ముఖమైనా చూడాలి కదా.

ప్రయోగశాల అంటే పాలిటెక్నిక్ కాలేజీలో సిమెంటు దిమ్మలను నలిపి చూసే గది. అక్కడి లెక్చరరు ఇప్పిలి సాంబమూర్తి వంతెనలు కట్టిన మనిషి. మోకాళ్ల నొప్పులొచ్చి పాఠాలు చెప్పుకుంటున్నాడు. గది మధ్యలో రెండువందల టన్నుల యంత్రం, కిటికీ కింద నీళ్ల తొట్టి, తొట్టిలో తడి గోనెసంచి ఉన్నాయి.

"గోనె కింద ఏటున్నాయి బాబూ?"

"పళ్లు" అన్నాడు సాంబమూర్తి విసుగ్గా. "మిషన్ వాళ్లు కాంక్రీటు నిబంధనల పుస్తకంలోంచి నాలుగు పేజీలు దించేశారు. నింపిన పన్నును తడి గోనె కప్పి ఇరవై ఎనిమిది రోజులు ఉంచాలట. తర్వాత నలపాలి. వీటికి ముందు, పీకించుకోడానికే వచ్చిన వాళ్ల పళ్లు పద్నాలుగు పంపారు. అన్నీ నలిపాను."

"ఏటి తేలింది?"

"ఇది రెండువందల టన్నుల యంత్రమయ్యా! ముల్లు కదలకముందే పన్ను పిండైపోతుంది. పద్నాలుగింటికీ బలం సున్నా అని రాశాను. పద్నాలుగు పరీక్షలూ విజయవంతం అని వాళ్లు జవాబు రాశారు."

నాయుడు తన కథ చెప్పాడు. మొదట్లో సాంబమూర్తి ఊరికే విన్నాడు. గింజ కొరికి తేమ చెబుతాడన్న మాట దగ్గర తల ఎత్తాడు. కిటికీలోంచి పాలిటెక్నిక్ పొలం కనబడుతోంది. ప్యూను చేత ఒక వెన్ను తెప్పించాడు.

"ఎంతుందో చెప్పు చూద్దాం."

"తెల్లమందు పెట్టినారు బాబూ, కొరకకూడదన్నారు."

ఏళ్ల తరబడి ఒక పని చేసిన మనిషి ఆ పని చేయలేకపోవడం ఎలా ఉంటుందో సాంబమూర్తి మోకాళ్లకు తెలుసు. లేచి, అలమారలోంచి నిబంధనల పుస్తకం తీసి, మిషన్ వాళ్లు దించని పేజీ తెరిచాడు.

"వంతెన కట్టాక విరగ్గొట్టి చూస్తామా చెప్పు? ఉన్నచోటే ఉంచి, ఇసుక లారీలు ఎక్కించి నిలబెడతాం. ఎంత వంగిందో కొలుస్తాం. లారీలు దింపాక మళ్లీ లేచిందా, పాసయినట్టు. దీన్ని స్థానిక భారపరీక్ష అంటారు. పన్ను మాత్రం కట్టడం కాదా?"

ఆ సాయంత్రం ఆయన రాసిన ఉత్తరంలో నాయుడు పేరు ఎక్కడా లేదు. "సదరు కట్టడము దవడయందు స్థిరముగా నిలిచియున్నందున, దానిని కూల్చకయే భారపరీక్ష జరుపుటకు పుస్తకమందు అవకాశము కలదు. కట్టడము పూర్తికానిదే పరీక్ష సాధ్యము కాదు గనుక, నిర్మాణ సామగ్రిని తక్షణము విడుదల చేయవలెను" అని ఉంది. విశ్వంభరం గారికి ఆ భాష సొంత భాషలా అనిపించింది. పైగా యంత్రం ముందు నిలబడితే ఫోటోలో యంత్రమే పడుతుంది. భారపరీక్షకైతే వేదిక ఉంటుంది, వేదిక మీద తాను ఉంటారు. సంతకం చేశారు.

ముగ్గురు సాక్షుల ఎదుట లక్క పగలగొట్టి బీరువా తెరిచారు. ప్రమద్వర పుచ్చంతా తీసి, పన్ను చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి, తడి తగలకుండా పొర మీద పొర పెట్టి, ఒక్కో పొర మీద నీలం దీపం చూపించింది. ముప్పావుగంట పట్టింది. నాయుడు నోరు తెరుచుకుని కప్పు మీది బల్లినే చూస్తూ పడుకున్నాడు. అయిపోయాక డాక్టరమ్మ, "ఇప్పుడిది గోడలను పట్టుకుంది. కొరకండి" అంది. ఆయన భయంభయంగా పళ్లు కలిపాడు. నొప్పి లేదు. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

భారపరీక్ష పాలిటెక్నిక్ డ్రాయింగు హాల్లో జరిగింది. వేదిక మీద అయిదుగురు సభ్యుల సంఘం, కింద ఎనిమిది ఊళ్ల రైతులు. నాయుడిని కుర్చీలో కూర్చోబెట్టి, వంతెన వంపు కొలిచే గడియారం లాంటి పరికరాన్ని బుగ్గకు ఆనించారు. విశ్వంభరం గారు భార పట్టిక చదివారు.

"ప్రథమ భారము: ఇడ్లీ."

నాయుడు నమిలాడు. పరికరం ముల్లు అటూ ఇటూ ఊగిపోయింది. సంఘంలో ఒకాయన కంగారుపడి, "కట్టడం మొత్తం పైకీ కిందికీ కదులుతోంది, నమోదు చేయండి" అన్నారు.

"అది దవడండీ. కదలాలి" అంది ప్రమద్వర.

తర్వాత మరమరాలు, జంతిక, వేయించిన శనగలు వరుసగా వచ్చాయి. చెరుకు ముక్క దగ్గర చర్చ లేచింది. పుస్తకం ప్రకారం గరిష్ఠ భారాన్ని ఇరవై నాలుగు గంటలు కదలకుండా ఉంచాలి.

"ఇరవై నాలుగ్గంటలు కొరికి పట్టుకుంటే మాటాడీదెలాగ బాబూ?"

"పరీక్షాకాలంలో కట్టడం మాట్లాడనవసరం లేదు" అన్నారు విశ్వంభరం గారు.

"ఈ రూలు మా ఇంటికి కూడా రాసివ్వండి బాబూ" అంది కింద నుంచి పైడమ్మ. హాలు గొల్లుమంది.

సాంబమూర్తి గంభీరంగా లేచి, ఆ కాలపరిమితి వంతెనలకు వర్తిస్తుందనీ, వంతెనకూ పన్నుకూ ఉన్న పరిమాణ వ్యత్యాసాన్ని బట్టి గంటలను సెకన్లు చేసుకోవచ్చనీ చెప్పాడు. అలాంటి సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు. కానీ ఆయన నల్లబల్ల మీద నాలుగు గీతలు గీసి చూపించడంతో సంఘం తలలూపింది. నాయుడు చెరుకు ముక్కను ఇరవై నాలుగు సెకన్లు కొరికి పట్టుకున్నాడు. రైతులు పైకి లెక్కపెట్టారు.

"అంతిమ భారము: వడ్లు. తేమ పదహారు శాతము. యంత్రముచే నిర్ధారితము."

నాలుగు గింజలు పన్ను మీద పెట్టుకుని తవిటినాయుడు కళ్లు మూసుకున్నాడు. ఆయన కొరికాడు. ముఖం మాడిపోయింది. మళ్లీ కొరికాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"విరిగిందా?" అని ప్రమద్వర కుర్చీలోంచి సగం లేచింది.

"పన్ను గట్టిగానే ఉన్నాదమ్మా" అన్నాడు నాయుడు కళ్లు తెరవకుండానే. "వడ్లే బాగోలేవు. ఇవి పదహారెక్కడివి బాబూ? పందొమ్మిది. ఇలగే కట్టీసి గోడౌన్లో పెడితే వారంలో మొలకలొచ్చెత్తాయి."

వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన అధికారి సంచిలో సీలు విప్పని కొత్త మీటరు ఉంది. అందరి ముందూ విప్పి గింజలు పోశారు. పద్దెనిమిది పాయింటు తొమ్మిది వచ్చింది. రైతులు వేసిన ఈలలకు కిటికీ అద్దాలు అదిరాయి. వెనక వరుసలోంచి ఎవరో "పాయింటు వన్ను తేడా ఏటి నాయుడూ, ముసిలోడివైపోనావు!" అని అరిచారు. నాయుడు చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వులో కొత్త ఫిల్లింగ్ కూడా కనబడింది.

ఆ మర్నాటి నుంచి జిల్లా అంతటా స్థానిక భారపరీక్షే అధికారిక పద్ధతి అయింది. పన్ను కట్టాకే పరీక్ష గనుక బీరువాకు లక్క వేయడం మానేశారు. ప్రమద్వర ఆ నెలలో నలభై ఒక్క దవడ పళ్లు నింపింది. బుధవారం బుధవారం డ్రాయింగు హాలు ముందు ముసలీ ముతకా వరసకట్టి చెరుకు ముక్కలు కొరికేవారు. సాంబమూర్తి కుర్చీలో కూర్చుని ఇరవై నాలుగు దాకా లెక్కపెట్టి, ఒక్కొక్కరికీ "పాస్" అని చెప్పి పంపేవాడు. ఆయన మోకాళ్ల నొప్పి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనకూ గుర్తు రాలేదు.

కోతలు మొదలైన మూడో రోజు నాయుడి ధ్రువపత్రం రిజిస్టరు పోస్టులో వచ్చింది. ప్రభుత్వ ముద్ర, మూడు సంతకాలు ఉన్నాయి. కాటా దగ్గర రైతులు మూగి చూస్తుండగా సొసైటీ గుమాస్తా పైకి చదివాడు. సదరు దంతము రాష్ట్రంలోనే ప్రథమ ధ్రువీకృత దంతమనీ, కావున దాని బలాన్ని యథాతథంగా కాపాడవలసిన బాధ్యత దంతధారిదనీ, ఇకమీదట సదరు దంతముతో గింజ గానీ, గట్టి పదార్థము గానీ, మెత్తని పదార్థము గానీ నమలరాదనీ, నమిలినచో ధ్రువీకరణ రద్దగుననీ అందులో ఉంది.

రైతుల ముఖాలు వాడిపోయాయి. నాయుడు బస్తా మీద కూలబడ్డాడు. అప్పుడే ఊళ్లో పుచ్చుపళ్ల పరీక్షా శిబిరానికి వచ్చి, కాటా దగ్గర ఆగిన ప్రమద్వర కాగితం అందుకుని రెండుసార్లు చదివింది.

"నాయుడు గారూ, ఇందులో రాసింది ఎడమవైపు పై దవడ చివరి పన్ను" అంది. అది రాసిన మిషన్ గుమాస్తా ఎదురుగా నిలబడి చూసి కుడిని ఎడమ అనుకున్నాడు, కాగితం తిరగేసి పట్టుకుని కిందను పైన అనుకున్నాడు. "ఆ పన్ను ఏదీ, చూపించండి."

నాయుడు నోరు తెరిచాడు. అక్కడ నున్నటి చిగురు మాత్రమే ఉంది. ఆయన పెళ్లయిన ఏడాదే దాన్ని మేనమామ ఊడబెరికేశాడు.

ధ్రువపత్రానికి అద్దం కట్టించి కొనుగోలు కేంద్రంలో కాటా పైన తగిలించారు. లేని ఆ పన్నుతో నమలరాదన్న ప్రభుత్వ ఉత్తర్వును గంగాడ తవిటినాయుడు ఈనాటి వరకు ఒక్కసారి కూడా అతిక్రమించలేదు.